వాహన సందేహాలు: మిగిలిపోయిన బోల్టు ఎక్కడిది?

ఈ నెల శీర్షికను ఇంజన్ పనిలో వదులైన, పోయిన, మిగిలిపోయిన బోల్టుల ప్రశ్నలకే కేటాయిస్తున్నాము. చూడడానికి చిన్న విషయమే అయినా, మంచి ఇంజన్లు పాడైపోవడానికి ఇది తరచుగా కారణమవుతోంది కనుక కొన్ని జవాబులు కాస్త పొడవుగా ఉంటాయి.

ప్రశ్న: మా కారుకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డుకూ దాని కింది బ్లాకుకూ నడుమ ఉండే పలుచటి పలక) పోతే ఒక షెడ్డులో ఇంజన్ హెడ్ దింపించి పని చేయించాము. అంతా బిగించిన తరువాత ట్రేలో ఒక బోల్టు మిగిలింది. అడిగితే మేస్త్రి గారు "వేరే బండిది అయి ఉంటుంది, ఇంజన్ బాగానే నడుస్తోంది కదా" అన్నారు. బండి నిజంగానే బాగా నడుస్తోంది. నేను నిశ్చింతగా ఉండవచ్చునా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఉండకూడదండీ. ఆ బోల్టు ఏ రంధ్రానిదో తేలేవరకు బండిని తీయకండి. పది బోల్టులు పంచుకోవలసిన బరువును తొమ్మిది కొంతకాలం మోయగలవు కాబట్టి, ఇంజన్ నడుస్తున్నంత మాత్రాన లోపల అన్నీ ఉన్నాయని అనుకోవడానికి వీలు లేదు. ఆ కొంతకాలం ఎంత అన్నది బోల్టు ఎక్కడిది అన్నదానిపైనే ఆధారపడుతుంది.

ముందుగా బోల్టును తుడవకుండా అలాగే తెప్పించుకొని వెలుగులో చూడండి. దానిమీది మరకలు చాలా సంగతులు చెబుతాయి. తల మీద దుమ్ము, మట్టి పేరుకొని ఉంటే అది ఇంజన్ బయటి భాగానిది. ఎర్రగా తుప్పు పట్టి, కాలినట్టు ఉంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డు దగ్గరిదో, దానిపై ఉండే వేడి రేకుదో కావచ్చు. బోల్టు మరల (ఒంటి మీది చుట్ల) మీద తెల్లగా లేదా పచ్చగా ఉప్పు పేరుకున్నట్టు ఉంటే కూలెంట్ తగిలే చోటిది, అంటే వాటర్ పంపు, థర్మోస్టాట్ పరిసరాలది. మరల చివర బంక అంటిన ఆనవాళ్లు ఉంటే ఆ రంధ్రం ఆయిల్‌లోకో నీళ్లలోకో తెరుచుకుంటుందని అర్థం చేసుకోవచ్చు. వీటన్నిటికంటే భయపడవలసినది, ఎక్కడా దుమ్ము లేకుండా తల నుంచి కొస వరకు పలుచటి గోధుమరంగు ఆయిల్ పొరతో నున్నగా ఉన్న బోల్టు. అటువంటిది ఇంజన్ లోపలిదే అయ్యే అవకాశం ఎక్కువ. అది క్యామ్ షాఫ్ట్ క్యాపుది కావచ్చు, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోని జల్లెడ గొట్టానిది కావచ్చు. జల్లెడ గొట్టం బోల్టు లేకపోతే పంపు ఆయిల్‌తో పాటు గాలిని పీలుస్తుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పట్టేస్తాయి. అప్పుడు హెడ్ గ్యాస్కెట్ ఖర్చు ఎంతో చిన్నదిగా కనిపిస్తుంది.

తరువాత కొలతలు తీయించండి. మర లావు 6 మిల్లీమీటర్లు ఉండి 10 నంబరు పానా పట్టే బోల్టు అయితే ట్యాపెట్ కవరు, చాంబర్ అంచు, టైమింగ్ కవరు వంటి చోట్లది అయి ఉంటుంది. 8 మిల్లీమీటర్ల బోల్టు తలకు జపాన్ పద్ధతిలో తయారైన ఇంజన్లలో సాధారణంగా 12 నంబరు, యూరప్ పద్ధతి వాటిలో 13 నంబరు పానా పడుతుంది కాబట్టి, మీ బండికి ఆ నంబరు అసలు వాడరని తేలితే మేస్త్రి గారి మాటే నిజమై ఉండవచ్చు. తల మీద 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటుంది. మొదటి అంకెను వందతో గుణిస్తే ఆ బోల్టు తెగిపోకుండా తట్టుకోగల లాగుడు మెగాపాస్కల్ లెక్కలో వస్తుంది, అంటే 8.8కు 800, 10.9కు 1000. రెండవ అంకె, అందులో ఎన్ని పదవ వంతుల వరకు లాగినా బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా ఉంటుందో చెబుతుంది. 10.9 అచ్చు ఉన్న పొడవాటి బోల్టు మిగిలితే అది ఇంజన్ ఫౌండేషన్ (ఇంజన్ను బండికి పట్టి ఉంచే చోటు), గేరుబాక్సు వంటి బరువైన చోటిదేమోనని ముందుగా అక్కడ చూడాలి.

అక్కడికీ తేలకపోతే, కొత్త గ్యాస్కెట్లు వచ్చిన అట్టపెట్టెను, తీసేసిన పాత గ్యాస్కెట్లను బల్ల మీద పరచి, వాటిలోని బోల్టు రంధ్రాలను ఇంజన్ మీద కనిపించే తలలతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. కంపెనీ విడిభాగాల పట్టికలో ప్రతి బోల్టుకు నంబరు, ఎన్ని ఉండాలన్న లెక్క రెండూ ఉంటాయి. విడిభాగాల కౌంటరులో మీ బండి ఛాసిస్ నంబరు చెబితే చూసి చెబుతారు. ఎర్త్ వైరు బోల్టును మాత్రం మరువకండి. అది పెట్టకపోయినా బండి స్టార్ట్ కావచ్చు, కానీ సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మినుకుమంటాయి, లోపం బ్యాటరీదేనని అనుకొని కొత్త బ్యాటరీ కొనేవారూ ఉన్నారు.

రంధ్రం దొరికిన వెంటనే బోల్టును దూర్చి బిగించేయడం కూడా సరికాదు. అడుగు మూసుకొని ఉన్న రంధ్రంలో ఆయిలో నీళ్లో నిలిచి ఉంటే, బోల్టు దిగుతున్న కొద్దీ ఆ ద్రవానికి పోయే దారి లేక పోత లోహం పగిలే ప్రమాదం ఉంటుంది. కళ్లకు అద్దాలు పెట్టుకొని ముందుగా గాలి కొట్టి ఖాళీ చేయాలి. అలాగే ఒకే కవరులో పొట్టి, పొడవు బోల్టులు కలగలిసి ఉండడం సర్వసాధారణం. పొడవుది పొట్టి రంధ్రంలో పడితే అడుగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది, కవరు మాత్రం వదులుగానే ఉండిపోతుంది. పొట్టిది పొడవు రంధ్రంలో పడితే రెండు మూడు మరల మీదే భారమంతా పడి అల్యూమినియం మరలు ఊడి వస్తాయి.

మీరు పని చేయించినది హెడ్డుకే కనుక ఒక మాట అదనంగా చెప్పాలి. ఇప్పటి చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులను మొదట ఒక నిర్ణీత టార్కుకు (తిప్పే బలానికి) బిగించి, ఆ పైన 90 డిగ్రీలో మరొక కోణమో తిప్పమని కంపెనీ పుస్తకం చెబుతుంది. అలా బిగించిన బోల్టు చాలావరకు కావాలనే శాశ్వతంగా కొంత సాగుతుంది కాబట్టి రెండవసారి వాడకూడదు, కొత్త సెట్టు వేయాలి. బిగించే వరుస మధ్య నుంచి అంచులకు, విప్పే వరుస అంచుల నుంచి మధ్యకు సాగాలి. చేతి అంచనాతోనే పానా తిప్పి ఏళ్ల తరబడి ఇంజన్లు నిలబెట్టిన పెద్ద మేస్త్రీలు వరంగల్ ఆటోనగర్‌లో ఉన్నారు, వారి చేతిని నేను ఎంతమాత్రం తక్కువ చేయను. అయినా హెడ్డు, కనెక్టింగ్ రాడ్డు, ఫ్లైవీలు బోల్టులను టార్క్ రెంచి (ఆ బలాన్ని కొలిచి చూపే పానా) లేకుండా బిగించవద్దని వారిని గౌరవంగానే అడగండి. మిగిలిన బోల్టును వారి చేతిలో పెట్టి "ఇద్దరం కలిసి దీని చోటు వెతుకుదామండీ" అంటే కాదనే మేస్త్రి అరుదు.

ప్రశ్న: మా తమ్ముడు మెకానిక్. ఇన్‌టేక్ మానిఫోల్డు విప్పి ఉండగా ఒక చిన్న బోల్టు చేతి నుంచి జారి ఎక్కడో పడింది. ఎంత వెతికినా కనిపించలేదు. కొత్తది వేసి స్టార్ట్ చేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, మహబూబాబాద్

జవాబు: కొత్తది వేయవచ్చు, స్టార్ట్ చేయకూడదు. మీ తమ్ముడికి ఇప్పుడే చెప్పి బ్యాటరీ నెగెటివ్ తీగ తీయించండి, ఎవరో తెలియక సెల్ఫ్ కొట్టే అవకాశం కూడా ఉండకూడదు. మానిఫోల్డు విప్పినప్పుడు హెడ్డులోని గాలి దారులు నోళ్లు తెరుచుకొని ఉంటాయి. బోల్టు అందులో పడితే అది ఇన్‌టేక్ వాల్వు వీపు మీద ఆగి ఉండవచ్చు, వాల్వు తెరిచి ఉంటే నేరుగా పిస్టన్ మీదికి దిగి ఉండవచ్చు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ నడుమ మిగిలే సందు చాలా తక్కువ. అక్కడ ఇనుప ముక్క ఉంటే పిస్టన్ తల చితుకుతుంది, వాల్వులు వంగుతాయి. సెల్ఫ్ ఒక్క చుట్టు తిప్పినా ఈ నష్టం జరగవచ్చు.

వెతకడం బయటి నుంచి మొదలుపెట్టాలి. ఇటీవలి కార్లకు ఇంజన్ అడుగున ప్లాస్టిక్ పలక ఉంటుంది. జారిన బోల్టులు చాలా వరకు దానిమీదే పడి ఉంటాయి. పలకను విప్పి నేల మీద బోర్లించండి. ఆ తరువాత గేరుబాక్సు పైభాగం, స్టార్టర్ మోటారు వెనుక సందు, ఇంజన్‌ను మోసే అడ్డ దూలం మీది గుంతలు చూడాలి. కర్ర చివర అయస్కాంతం ఉన్న పరికరంతో సందులన్నీ తడమవచ్చు. ఒక జాగ్రత్త ఏమిటంటే, అల్యూమినియం, ఇత్తడి, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులను అయస్కాంతం పట్టుకోదు. దాని జతగా ఉన్న మరొక బోల్టుకు అయస్కాంతాన్ని తాకించి ముందే పరీక్షించుకోవాలి.

బయట దొరకకపోతే లోపల ఉన్నట్టే భావించి పని చేయాలి. ఫోనుకు తగిలించుకొనే సన్నని తీగ కెమెరాలు ఇప్పుడు చాలా షెడ్డులలో ఉన్నాయి. దానిని ఒక్కొక్క గాలి దారిలోకి, ఆ తరువాత స్పార్క్ ప్లగ్ తీసిన రంధ్రం గుండా సిలిండరులోకి దింపి చూడాలి. మూసి ఉన్న వాల్వు మీద బోల్టు కనిపిస్తే అదృష్టమే. ఆ స్థితిలో ఇంజన్‌ను చేత్తో కూడా తిప్పవద్దు, వాల్వు తెరుచుకుంటే అది సిలిండరులోకి జారుతుంది. అయస్కాంతంతోనో పంజా పరికరంతోనో పైకి తీయాలి. సిలిండరులో ఉండి ప్లగ్ రంధ్రం గుండా రాకపోతే హెడ్డు దింపడం ఒక్కటే మార్గం. ఆ ఖర్చుకు వెనుకాడవద్దని నా గట్టి సలహా.

టైమింగ్ చైను ఉన్న ఇంజన్‌లో ముందు కవరు తెరిచి ఉండగా బోల్టు జారితే అది కిందికి, ఆయిల్ చాంబర్‌లోకి పోతుంది. "చాంబర్‌లో పడి ఉంటే ఏమవుతుంది, జల్లెడ ఉంది కదా" అని కొందరు అంటారు. జల్లెడ పంపును కాపాడవచ్చు కానీ, ఆ బోల్టు దారిలో చైనుకూ పళ్ల చక్రానికీ నడుమ ఆగిపోలేదని ఎవరు చెప్పగలరు? చాంబర్ విప్పి బోల్టును కళ్లతో చూడవలసిందే.

దొరికిన తరువాత, ప్లగ్గులు తీసి ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఆ ఇంజన్ తిరిగే దిక్కులోనే మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి వాల్వూ ఒకసారి తెరిచి మూసుకోవడానికి రెండు చుట్లు కావాలి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం వాడవద్దు. ఇకముందు ఏ రంధ్రం తెరిచినా వెంటనే శుభ్రమైన గుడ్డతో మూయాలి, ఎన్ని గుడ్డలు పెట్టామో బిగించే ముందు అన్నీ వచ్చాయో లేదో లెక్క చూసుకోవాలి. ఒక అట్ట మీద కవరు ఆకారం గీసి, ఏ రంధ్రం బోల్టును అట్టలో అదే చోట గుచ్చి ఉంచితే, మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడికి వచ్చిన చిక్కు కూడా రాదు.

ప్రశ్న: బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద రోజూ బండి నడుపుతాను. ఆల్టర్నేటర్ బ్రాకెట్ బోల్టు మాటిమాటికీ వదులవుతోంది. రెండు స్ప్రింగ్ వాషర్లు వేసినా ఆగడం లేదు.
— ఒక డ్రైవరు, భూపాలపల్లి

జవాబు: మూడు వేసినా ఆగదు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగాలు చేసి, బోల్టు వదులు కావడానికి ముఖ్య కారణం అడ్డంగా వచ్చే కదలిక అని చూపించారు. బిగించిన రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పక్కకు కొద్దిగా జారుతున్నప్పుడు మరల మధ్య రాపిడి పట్టు తప్పుతుంది, బోల్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. స్ప్రింగ్ వాషరు, బోల్టుకు ఉండవలసిన బిగువులో కొద్ది భాగానికే పూర్తిగా చదునైపోయి, ఆపైన మామూలు వాషరులాగే ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే బండి మీద పత్తి బోరాలను మోకులోని బిగువు ఎలా కదలనీయదో, బ్రాకెట్‌ను బోల్టు సాగి ఉన్న బిగువే అలా పట్టి ఉంచుతుంది. కాబట్టి బిగువు ఎందుకు నిలవడం లేదో వెతకాలి.

పానాతో మనం పెట్టే శ్రమలో సుమారు 90 శాతం తల కింద, మరల మధ్య రాపిడికే ఖర్చవుతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది సుమారు పదవ వంతే. మరలలో తుప్పు, బొగ్గు ధూళి ఉంటే ఆ పదవ వంతు కూడా మిగలదు, చేతికి మాత్రం చాలా బిగుసుకున్నట్టు తెలుస్తుంది. మరలకు నూనె రాసి అంతే టార్కుతో బిగిస్తే దీనికి విరుద్ధంగా బిగువు మితిమీరి బోల్టు తెగవచ్చు. పుస్తకంలో ఇచ్చిన టార్కు పొడి మరలకా, నూనె రాసిన మరలకా అన్నది చూసుకోవాలి.

బోల్టు తీసి బ్రాకెట్ రంధ్రాన్ని చూడండి. నెలల తరబడి కదిలి కదిలి అది కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే బ్రాకెట్ మార్చాలి లేదా రంధ్రానికి బుష్ వేయించాలి, లేకపోతే ఏ చికిత్సా నిలవదు. ఆల్టర్నేటర్ బుష్ అరిగిందేమో, బెల్టు అతిగా బిగించారేమో, ఇంజన్ ఫౌండేషన్ రబ్బరు పగిలిందేమో కూడా చూడాలి. మూలం సరిచేసిన తరువాత కొత్త బోల్టును, లోపలి మరలను పెట్రోలుతో కాకుండా బ్రేక్ క్లీనరుతో కడిగి ఆరబెట్టి, నీలి రంగు థ్రెడ్ లాకర్ (మరలు కదలకుండా అంటించి ఉంచే ద్రవం) రెండు మూడు చుక్కలు వేసి టార్కుకు బిగించండి. ఎర్ర రకం వేయవద్దు, దానిని విప్పాలంటే బాగా వేడి చేయాలి. నీలి రకం కూడా సాధారణంగా సుమారు 150 డిగ్రీల వరకే పనిచేస్తుంది కాబట్టి ఎగ్జాస్ట్ దగ్గర పనికిరాదు. చివరగా బోల్టు తల నుంచి బ్రాకెట్ మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగినట్టు కనిపించిన రోజున బోల్టు కదిలిందని పానా వేయకుండానే తెలుస్తుంది.

ప్రశ్న: పోయిన బోల్టును లేత్ మిషన్ మీద చేయించి వేస్తే తప్పా? కంపెనీ బోల్టు రావడానికి వారం పడుతుందంటున్నారు.
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఎక్కడి బోల్టు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. గాలి ఫిల్టరు డబ్బా, వైర్ల క్లిప్పు, వేడి రేకు వంటి చోట్ల లేత్ బోల్టు నిక్షేపంగా పనిచేస్తుంది. హెడ్డు, కనెక్టింగ్ రాడ్డు, ఫ్లైవీలు, క్రాంక్ పుల్లీ, ఇంజన్ ఫౌండేషన్ దగ్గర మాత్రం వద్దు. కంపెనీ బోల్టుల మరలను సాధారణంగా కోయరు, గట్టి అచ్చుల మధ్య ఒత్తి దొర్లిస్తారు. అందువల్ల లోహపు పోగు తెగకుండా మర వంపు వెంటే సాగుతుంది. లేత్ మీద మర కోసినప్పుడు ఆ పోగు తెగి, మర అడుగున పగులు మొదలయ్యే తావు ఏర్పడుతుంది. పైగా లేత్ దుకాణంలో దొరికే మామూలు మెత్తటి ఇనుము బలం 400 మెగాపాస్కల్ పరిసరాల్లో ఉంటుంది, 10.9 బోల్టుకు ఉండే బలంలో సగం కూడా కాదు. కంపెనీది వెంటనే రాకపోతే, అదే లావు, అదే మర దూరం (ఒక మర చుట్టుకూ పక్క చుట్టుకూ నడుమ దూరం), అదే పొడవు, అదే అచ్చు అంకె ఉన్న బోల్టు పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుందేమో చూడండి. మర దూరం ముఖ్యం. 10 మిల్లీమీటర్ల బోల్టులు 1.5 మిల్లీమీటర్ల మర దూరంతోనూ, 1.25తోనూ వస్తాయి, ఒకదానికి మరొకటి రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది, బలవంతంగా తిప్పితే హెడ్డులోని మర పోతుంది. ఏ బోల్టునైనా మొదటి నాలుగైదు చుట్లు పానా లేకుండా వేళ్లతోనే తిప్పాలన్న పాత మేస్త్రీల నియమం ఇందుకే.

ప్రశ్న: ఆయిల్ మార్చేటప్పుడు చాంబర్ అడుగున ఆయిల్ దించే బోల్టు మర పోయింది. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించారు. పరవాలేదా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: షెడ్డు నుంచి ఇంటికి చేరడం వరకు కూడా నేను ఒప్పుకోను. ఆ బోల్టు దారిలో ఊడితే కొద్ది నిమిషాలలోనే ఇంజన్ ఆయిల్ అంతా రోడ్డు పాలవుతుంది, డాష్ బోర్డు మీది ఆయిల్ ఎర్ర దీపం చూసి ఆపేలోగా బేరింగులు దెబ్బతింటాయి. అల్యూమినియం చాంబర్ అయితే పాత మరను తొలిచి, ట్యాప్ కొట్టి, హెలికాయిల్ అనే ఉక్కు తీగ చుట్టనో గట్టి ఉక్కు బుష్‌నో అమర్చవచ్చు. అసలు మర కంటే అదే గట్టిగా ఉంటుంది. తొలిచిన పొట్టు లోపల మిగలకుండా చాంబర్ దింపి చేయడం మేలు. రేకు చాంబర్ అయితే కొత్తది వేయించడమే నయం. ప్రతిసారీ కొత్త రాగి లేదా అల్యూమినియం వాషరు వేయిస్తే ఆయిల్ కారకుండా ఉండడానికి అతిగా బిగించవలసిన అవసరమే రాదు.

ప్రశ్న: ఇంజన్ పని చేయించిన కొద్ది రోజులకే టైమింగ్ కవరు బోల్టులు రెండు లేవని మరొక మెకానిక్ చూపించారు. మొదటి షెడ్డువారు మేము అన్నీ పెట్టాము అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, ముందుగా రెండవ మెకానిక్‌ను ఆ చోట ఇంకేమీ ముట్టుకోవద్దని కోరండి. ఖాళీ రంధ్రాలను, చుట్టూ ఆయిల్ కారిన జాడను, బండి నంబరును, మీటరులోని కిలోమీటర్లను ఫొటోలు తీయించి, చూసినది చూసినట్టు ఆయన చేత కాగితం మీద రాయించుకోండి. ఆ ఫొటోలు, బిల్లు పట్టుకొని మొదటి షెడ్డుకు వెళ్లి మళ్లీ మాట్లాడితే చాలామంది అక్కడే సరిచేసి ఇస్తారు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మరమ్మతు కూడా సేవే కనుక, లోపం జరిగిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు ఉండదు. బిల్లు ఇవ్వని షెడ్డులో ఈ దారి కష్టమవుతుంది కాబట్టి, ఇకముందు ఏ పని చేయించినా ఏమేమి విప్పారో, ఏ బోల్టులు కొత్తవి వేశారో రాసి ఇవ్వమని అడగండి, మార్చిన పాత భాగాలను ఒక సంచిలో వేయించుకొని ఇంటికి తెచ్చుకోండి.